పనిలో కనబడిన విశ్వాసము: ఒంగోలు, దోర్నకల్ చరిత్ర నుండి నేటి నగర సంఘమునకు పాఠములు

ఉపోద్ఘాతము

నల్లగండ్ల ఒకప్పుడు హైదరాబాదుకు పడమట చెరువు, పొలములు గల ఒక పల్లె. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతమంతా క్రమముగా మారిపోయింది. పొలముల స్థానములో అపార్టుమెంట్లు లేచాయి. చుట్టుప్రక్కల సంఘములలో నేడు ఆదివారము ప్రభువు బల్ల యొద్దకు కలిసి వచ్చేవారిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు, అపార్టుమెంట్లలో ఇంటిపని చేసే స్త్రీలు ఉన్నారు. వారములో వీరు సంఘముతో గడిపేది రెండు మూడు గంటలు. పనిస్థలములో గడిపేది యాభై, అరవై గంటలు.

అందుచేత యౌవనస్థులు కాపరులను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. పనిచేసే చోట క్రైస్తవుడిగా కనబడడమంటే ఏమిటి? మనము సాధారణముగా ఇచ్చే జవాబులు మనకు తెలిసినవే. బల్ల మీద వాక్యపు కార్డు పెట్టుకొనుము, భోజనమునకు ముందు తలవంచి ప్రార్థించుము, తోటివారికి కరపత్రము ఇమ్ము. ఇవి చెడ్డవి కావు. అయితే తెలుగు సంఘ చరిత్ర ఇచ్చే జవాబు వీటికంటె లోతైనది, ఖరీదైనది.

ఈ వ్యాసములో ఆ చరిత్ర నుండి రెండు ఘట్టములను పరిశీలిద్దాము. ఒకటి 1866 నుండి 1878 వరకు ఒంగోలు ప్రాంతములో జరిగినది. రెండవది 1912 నుండి 1945 వరకు దోర్నకల్ అధ్యక్ష మండలములో జరిగినది. ఈ రెండింటిలోను విశ్వాసము మొదట కనబడినది పనిలో. అలా కనబడడానికి వెల చెల్లించవలసి వచ్చింది. ఆ వెలను ఎవరికి వారు ఒంటరిగా చెల్లించలేదు, సంఘము కలిసి చెల్లించింది. నేడు మనము మొదటి సంగతిని బోధిస్తున్నాము, రెండవ దానిని అప్పుడప్పుడు హెచ్చరిస్తున్నాము, మూడవ దానిని దాదాపు మరచిపోయాము.

1. ప్రభువు చెప్పిన రెండు మాటలు

కొండమీది ప్రసంగములో ప్రభువు శిష్యుల వెలుగు మనుష్యుల యెదుట ప్రకాశించాలని చెప్పారు (మత్తయి 5:16). అదే ప్రసంగములో, మనుష్యులకు కనబడవలెనని నీతికార్యము చేయవద్దని కూడా చెప్పారు (మత్తయి 6:1). ఈ రెంటిని ఎలా కలపాలి?

మొదటి వచనము ఉద్దేశించిన ఫలితము తండ్రికి మహిమ. రెండవ వచనము గద్దించినది తనకు ఘనత కోరుకొనడము. ఇది ప్రసిద్ధమైన వివరణ, సరియైనదే. అయితే చరిత్ర దీనికి మరియొక మాట చేర్చుతుంది. ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసులు ఏదియు కనబడవలెనని చేయలేదు. వారు ప్రభువుకు లోబడినప్పుడు అది ఊరికి కనబడక తప్పలేదు. కనబడడము వారి ఉద్దేశము కాదు, వారి విధేయతకు వచ్చిన పర్యవసానము. దానివలన వారికి ఘనత రాలేదు, నష్టమే వచ్చింది. నష్టము తెచ్చే సాక్ష్యములో వేషధారణకు చోటు తక్కువ.

2. తోళ్ళ బేరపు దారిలో వచ్చిన సువార్త

అమెరికన్ బాప్తిస్టు మిషను నెల్లూరులో 1840 నుండి పనిచేస్తున్నా ఫలము బహు స్వల్పము. ఆ మిషనును మూసివేయవలెనని స్వదేశములో ఒకటికంటె ఎక్కువసార్లు చర్చ జరిగింది. జాన్ ఎవరెట్ క్లౌ 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలుకు మారారు. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది.

ఆ కాలపు కదలికకు మూలపురుషుడు మిషనరీ కాదు. ఆయన యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమట సుమారు 40 మైళ్ళ దూరములోని తాళ్ళకొండపాడు వాస్తవ్యుడు, మాదిగ కులస్థుడు, వృత్తిరీత్యా తోళ్ళ వర్తకుడు. క్రీస్తును ఎరుగక మునుపు రాజయోగము బోధించే గురువుల యొద్ద శిష్యరికము చేసినవాడు. తోళ్ళ బేరము మీద ఏలూరు ప్రాంతమునకు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల నోట సువార్త విన్నాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మము పొందారు.

తరువాత పేరయ్య తన వర్తకమును విడిచి మిషను ఆవరణలో చేరలేదు. తన ఊరికే తిరిగి వెళ్ళాడు. తోళ్ళు కొనడానికి, అమ్మడానికి తిరిగే ఊళ్ళలోని మాదిగపల్లెలు, అక్కడి బంధువులు ఆయనకు సువార్త క్షేత్రమయ్యారు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వచ్చి డేరా వేసినప్పుడు, పేరయ్య మాట విన్న జనము చుట్టుప్రక్కల ఊళ్ళ నుండి అన్నము మూట కట్టుకొని వచ్చి కూడుకొన్నారు. కొద్ది దినముల బోధ, పరీక్ష తరువాత ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మము పొందారు. మిషనరీ అక్కడ అడుగుపెట్టకముందే పొలము దున్నబడి ఉంది. దున్నినది ఒక పనివాడు, తన పని మీద తిరుగుతూ దున్నాడు.

మిషను కూడా ఇక్కడ ఒక నిర్ణయము చేయవలసి వచ్చింది. ఒంగోలులో అగ్రవర్ణముల వారు క్లౌ యొద్ద విద్యను కోరారు. మాదిగలను చేర్చుకొంటే తాము రామన్నారు. క్లౌ దంపతులు 1 కొరింథీ 1:26-29 వచనములలో తమకు జవాబు దొరికిందని గ్రహించి, వచ్చినవారిని వచ్చినట్లు చేర్చుకొన్నారు. అగ్రవర్ణముల పిల్లలు బడి విడిచిపోయారు.

3. మూడు కట్టడలు

బాప్తిస్మము పొందినవారికి మూడు కట్టడలు ఉండేవి. ఆదివారము పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. మూడవ దానిలో ఊరి జాతరలో డప్పు కొట్టకుండుట కూడా చేరి ఉంది. నేడు చదివే విద్యార్థికి ఇవి కేవలము మతాచార నియమములుగా తోచవచ్చు. ఆనాటి గ్రామ వ్యవస్థను ఎరిగినవారికి ఇవి మూడును ఆర్థిక సంగతులని తెలుస్తుంది.

మాదిగ కుటుంబము ఒక రైతు కుటుంబమునకు తరతరములుగా కట్టుబడి ఉండేది. చెప్పులు కుట్టి ఇవ్వాలి, బావి నుండి నీరు తోడే మోటకు తోలుసంచి చేసి ఇవ్వాలి, కోతకు రావాలి, పిలిస్తే వెట్టికి రావాలి. ప్రతిగా కళ్ళములో మేర గింజలు దొరికేవి. ఊరిలో చచ్చిన పశువు మాదిగలది. దాని తోలు వృత్తికి, దాని మాంసము ఆకలికి. జాతరలో డప్పు కొట్టడము వారి హక్కు కాదు, వారి మీద మోపిన విధి.

ఈ వ్యవస్థలో ఆదివారము పనికి రానని చెప్పడమంటే, నా దినములన్నీ నీవి కావు, ఒకటి నా ప్రభువుది అని యజమానితో చెప్పడము. గొడ్డు మాంసము తినననడమంటే, ఊరు పారవేసిన దానితో బ్రతికేవాడిని కానని చెప్పడము. డప్పు కొట్టననడమంటే, ఊరి దేవత కొలువులో నాకిచ్చిన స్థానము నాకు వద్దని చెప్పడము. బబులోను రాజు భోజనము విషయములో దానియేలు తీసుకొన్న నిర్ణయము (దానియేలు 1:8) వీరికి సుదూరపు కథ కాదు.

ఊరి పెద్దలు ఊరుకోలేదు. క్లౌ తన స్వీయచరిత్రలో ఆ హింసలను వివరించారు. విశ్వాసులను ఊరిబావి దగ్గరకు రానివ్వలేదు. కోమటి అంగడిలో సరుకు ఇవ్వలేదు. చాకలి, కుమ్మరి సేవలు ఆగిపోయాయి. తప్పుడు నేరములు మోపి ఠాణాకు లాగారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, వారు పని మానలేదు. తోళ్ళు ఊనడము, చెప్పులు కుట్టడము, కోత కోయడము సాగిస్తూనే వచ్చారు. ఆ వృత్తిని ఊరు హీనమన్నది గాని, సంఘము వారిని వృత్తి విడువమనలేదు. పనిలో ప్రభువుకు విరోధమైన వాటిని మాత్రమే మానారు. రెండవది, ఊరు వెలివేసినప్పుడు ఒక్కొక్కరిని కాదు, పల్లెను వెలివేసింది. పల్లె కలిసి ఓర్చుకొంది. బోధకుడు వారితో ఉన్నాడు. మిషనరీ అధికారుల యొద్దకు వెళ్ళి వారి పక్షమున మాట్లాడాడు.

డప్పు విషయములో ఒక వివరణ అవసరము. నేడు డప్పు దళితుల ఆత్మగౌరవమునకు గురుతు. అనేక తెలుగు సంఘములలో అది దేవుని స్తుతించడానికి మ్రోగుతోంది. తొలి విశ్వాసులు విసర్జించినది ఆ వాద్యమును కాదు, దానిని పట్టిన చేతికి వేసిన కట్టును. మన యువకులకు చరిత్రను బోధించేటప్పుడు ఈ తేడాను చెప్పకపోతే, పూర్వికుల విధేయతను సంస్కృతి ద్వేషముగా పొరబడే ప్రమాదమున్నది.

4. కాలువ పనిలో సాక్ష్యము

1876-78 సంవత్సరముల మహా కరువులో ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వకమును కరువు పనిగా చేపట్టింది. ఇతర గుత్తేదారుల క్రింద పనివారు పడుతున్న బాధలు విని, క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ పనిని తానే గుత్తకు తీసుకొన్నారు. యౌవనములో అమెరికాలో భూమి సర్వే పని నేర్చుకొన్న అనుభవము ఆయనకు అక్కడ ఉపయోగపడింది. బోధకులు మేస్త్రీలుగా నిలిచారు. పగలు పని చూసేవారు, విశ్రాంతి వేళ పనివారి మధ్య కూర్చొని దేవుని వాక్యము చెప్పేవారు. తమ చేత పని చేయించే మనిషి తమను తిట్టకుండా, కొట్టకుండా, కూలి తగ్గించకుండా ఉండడము ఆ కూలీలు చూశారు.

ఈ ఘట్టములో మన కాపరులు ముఖ్యముగా జ్ఞాపకముంచుకోవలసినది మరొకటి ఉంది. కూలి, సహాయము మిషను చేతి మీదుగా పంచబడుతున్న ఆ కాలములో, సుమారు పదిహేను నెలలు క్లౌ ఎవరికిని బాప్తిస్మమివ్వలేదు. అడిగినవారిని ఆపివేశారు. కూటి కొరకు మతము మారారన్న మాట రాకూడదని, వచ్చేవారి హృదయము వారికే స్పష్టము కావాలని ఆయన భావము. సహాయ నిధులు ముగిసిన తరువాత 1878 జూన్‌లో ద్వారము తెరిచారు. జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ దినమున బాప్తిస్మమిచ్చినది క్లౌ కాదు, తెలుగు బోధకులు. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారు.

ఆ సంఖ్యను మనము సంఘ చరిత్ర పాఠములో గర్వముతో చెప్పుకొంటాము. ఆ సంఖ్యకు ముందున్న పదిహేను నెలల నిగ్రహమును కూడా అంతే గర్వముతో చెప్పుకోవాలి. చేతిలో అధికారము, డబ్బు ఉన్నప్పుడు దానిని విశ్వాసము మీద ఒత్తిడిగా వాడకపోవడము కూడా కనబడే సాక్ష్యమే.

5. దోర్నకల్: జీవితము, మాట

ఒంగోలులో ఒక తరములో జరిగినదానిని దోర్నకల్‌లో ఒక అధ్యక్షుడు సంఘ క్రమముగా మలిచారు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతమువారు. 1909లో నిజాం రాజ్యములోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న నిద్రించే వరకు ఆ అధ్యక్ష మండలములోనే పరిచర్య చేశారు.

బాప్తిస్మము పొందినవారి చేత అజరయ్య తమ తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే తమకు శ్రమ అని పౌలు అన్న మాటను (1 కొరింథీ 9:16) ఒప్పింపజేసేవారు. ఆ మాట బిషప్‌కో బోధకునికో పరిమితము కాదు. కోతకు వెళ్ళే స్త్రీ, పశువులు కాచే బాలుడు కూడా సువార్తికులే. అదే సమయములో త్రాగుడు మీద, అప్పుల మీద, మురికి మీద, కుల భేదము మీద ఆయన ఎడతెగక పోరాడారు. వీటిని విడువని నోటి నుండి వచ్చే సువార్తను ఊరు వినదని ఆయనకు తెలుసు.

దాని ఫలము 1920, 1930 దశకములలో కనబడింది. ఆ మండలములో వేలకొలది శూద్ర కులస్థులు క్రీస్తును అంగీకరించారు. తమ పొలములో పనిచేసే మాల, మాదిగ క్రైస్తవుల జీవితములో వచ్చిన మార్పు తమను ఆకర్షించిందని వారిలో అనేకులు సాక్ష్యమిచ్చారు. ఆ కాలములో సామూహిక ఉద్యమములను అధ్యయనము చేసిన జె. వాస్కమ్ పికెట్ కూడా ఈ సంగతిని నమోదు చేశారు. ఒకప్పుడు వెలివేసిన కళ్ళమే ఇప్పుడు విచారించడము మొదలుపెట్టింది.

1930 దశకములో గాంధీజీ మత ప్రచారమును విమర్శిస్తూ, గులాబి పువ్వు తన సువాసనను ప్రకటించుకోదని, క్రైస్తవులు కూడా జీవితముతోనే మాట్లాడితే చాలునని వాదించారు. ఆయనకు, అజరయ్యకు మధ్య ఈ విషయములో తీవ్రమైన భేదము ఏర్పడింది. గాంధీజీ మాటలో మనము సిగ్గుపడి వినవలసిన సత్యమున్నది. కాని గులాబిని ఎవరును, ఎందుకిలా ఉన్నావని అడగరు. మనిషిని అడుగుతారు. జాతరకు ఎందుకు రావని ఊరి పెద్ద అడిగినప్పుడు విశ్వాసి ఎవరో ఒకరి పేరు చెప్పాలి. పేతురు వ్రాసినది ఈ సందర్భమునకే (1 పేతురు 3:15-16). అక్కడ అడిగేవారు ముందున్నారు, జవాబు తరువాత వస్తుంది. అడిగించే జీవితము లేనప్పుడు మన జవాబు ఎవరికిని అక్కరలేదు.

ఈ చరిత్రకు నీడ కూడా ఉంది. మాల, మాదిగ భేదము సంఘములోనికి వచ్చి నిలిచిపోయింది. అజరయ్య కాలములోను, ఆయన తరువాతను అది సంఘములను బాధించింది, నేటికీ బాధిస్తోంది. పొలములో కనబడిన మార్పు గుడిలో కనబడనప్పుడు లోకము దానిని కూడా చూస్తుంది.

6. నేటి నగర సంఘమునకు

నల్లగండ్లలో కళ్ళము లేదు, కరణము లేడు. అయితే ఆ మూడు కట్టడలు అడిగిన ప్రశ్నలు ఉన్నాయి.

మొదటిది, ఏమి మానాలి? లేని అనుభవమును ఉన్నట్లు చూపే సర్టిఫికెట్టుతో ఉద్యోగము సంపాదించడము, ఒకరి ఇంటర్వ్యూకు మరొకరు కూర్చోవడము, చేయని గంటలను చేసినట్లు వ్రాయడము, కాంట్రాక్టులో చేతులు మారే డబ్బు. ఇవి మన విశ్వాసులకు తెలియని సంగతులు కావు. అందరు తినే ఈ భోజనమును నేను తినను అని చెప్పడమే ఈ కాలపు రెండవ కట్టడ. దానియేలు పనిలో శత్రువులకు లోపము దొరకలేదు (దానియేలు 6:4). అతని ప్రార్థన కిటికీ గురించి మనము చాలా ప్రసంగాలు చేస్తాము. అతని లెక్కల గురించి కూడా చేయాలి.

రెండవది, మనము కళ్ళములో ఏ ప్రక్కన ఉన్నాము? తాళ్ళకొండపాడు విశ్వాసి పనివాడు. ఆయన మనుమల మనుమలలో కొందరు నేడు యజమానులు. వారి ఇంట్లో పనిమనిషి ఉన్నది, కారుకు డ్రైవరు ఉన్నాడు, గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే కాపలాదారుడు ఉన్నాడు. విశ్రాంతి దినపు ఆజ్ఞ దాసుడు, దాసి కూడా విశ్రమించాలని చెబుతుంది (ద్వితీయో 5:14). మనము ఆరాధనకు వెళ్ళడానికి మన పనిమనిషి ఆదివారము తెల్లవారుజామున వచ్చి వంట చేస్తుంటే, ఆదివారపు కట్టడను ఎవరు ఆచరించినట్లు? యజమానులకు పౌలు వ్రాసిన మాట (కొలొస్స 4:1) ఒకప్పుడు తెలుగు సంఘములో వినేవారు లేని వాక్యము. ఇప్పుడు వినేవారు ఉన్నారు.

మూడవది, వెల ఎవరు చెల్లిస్తారు? ఇది అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ఆ హోదాను హిందువులకు పరిమితము చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లిములకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రములలో షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల సి గ్రూపులో ఉంచారు. వారికి రిజర్వేషను ఒక శాతము. దీని ఫలితముగా అనేక కుటుంబములలో రికార్డులో ఒక గుర్తింపు, సంఘములో మరొక గుర్తింపు నిలిచాయి. ప్రసంగపీఠము నుండి వారిని పిరికివారని అనడము సులువు. ఆ మాట అనే కాపరి వారి పిల్లల ఫీజు కట్టడు. కులము వలన కలిగిన పేదరికము బాప్తిస్మముతో పోలేదని ఆ కుటుంబమునకు తెలుసు, రాజ్యమునకు తెలిసినట్లు లేదు.

అసత్యమును దీవించడము కాపరి పని కాదు. అయితే సత్యమునకు వెల ఉన్నప్పుడు, ఆ వెలను ఒక తండ్రి మీద, ఒక విద్యార్థిని మీద వదిలివేసే హక్కు కూడా సంఘమునకు లేదు. పేరయ్య కాలములో బావి మూసినప్పుడు పల్లె కలిసి దాహముతో ఉంది. దక్షిణ భారత గ్రామ సంఘములలో స్త్రీలు వండేముందు పిడికెడు బియ్యము ప్రభువు కొరకు తీసిపెట్టేవారు. ఆ పిడికెళ్ళతో బోధకులు పోషింపబడ్డారు. నేటి నగర సంఘములో జీతములు పెద్దవి. సంఘమంటే ఆదివారపు కూడిక మాత్రమే అయినప్పుడు మాత్రము పిడికిలి తెరుచుకోదు.

కాబట్టి కాపరులకు, కాపరులు కాబోవు విద్యార్థులకు ఆచరణీయమైన కొన్ని సంగతులు మనవి చేస్తాను. సభ్యుని ఇంటికి వెళ్ళినట్లే అతని పని గురించి కూడా తెలుసుకోండి. అతని రోజు ఎలా గడుస్తుందో, అతనిని ఏది నలుపుతుందో అడగండి. మనస్సాక్షి నిమిత్తము ఉద్యోగము విడిచినవానికి మూడు నెలలైనా ఆసరా ఇవ్వగల నిధిని సంఘములో ఏర్పరచండి. మినహాయింపు కోల్పోయిన విద్యార్థుల చదువును సంఘ బడ్జెట్టులో చేర్చండి, భవన నిధి తరువాత కాదు, దానికి ముందు. ఆదివారము షిఫ్టు ఉన్న కాపలాదారునికి, నర్సుకు వారము మధ్యలో మరొక దినమున వాక్యము, ప్రభువు బల్ల అందేలా చూడండి. వారిని సంఘమునకు రానివారని లెక్కించవద్దు.

ముగింపు

ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసులలో అనేకులకు చదువు రాదు. వారి వేదాంతము మూడు కట్టడలలో ఇమిడింది. కాని తమ ప్రభువు తమ పని దినములకు కూడా ప్రభువని వారు ఎరిగారు. ఊరికి అది తెలిసింది. కొందరు కోపపడ్డారు, ఒక తరము తరువాత కొందరు వారి వెంట వచ్చారు.

వారి బిడ్డలు నేడు ఈ నగరములో అద్దాల మేడలలోను, వాటి గేట్ల దగ్గరను పనిచేస్తున్నారు. వీరిని ధైర్యముగా కనబడమని బోధించే ముందు, వారు కనబడిన దినమున మనము వారి ప్రక్కన నిలబడగలమా అని ప్రతి కాపరి తన సంఘ పెద్దలతో కూర్చొని ఆలోచించవలెనని నా మనవి. ఆ సంభాషణ ఈ సంవత్సరమే ఆరంభము కావాలి. మన పూర్వికుల దేవుడు మనకట్టి కృప అనుగ్రహించును గాక.